గడియారాల నవాబు – మూడవ సాలార్ జంగ్ జీవితం



నేను ఉర్దూ మీడియం బడిలో లెక్కలు, సైన్సు చెప్పేవాణ్ణి. తెలుగు పండితుణ్ణి కాను. భాషలో తప్పులుంటే పెద్ద మనసుతో సర్దుకోవాలని మొదటే విన్నవించుకుంటున్నాను. ఈ ఏటి సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాయమని సంఘం వారు అడిగినప్పుడు నాకు వెంటనే ఒక గడియారం గుర్తుకొచ్చింది. దాని వెనకాలే దాన్ని కొన్న మనిషీ గుర్తుకొచ్చాడు. ఆయనే హైదరాబాదు నవాబు మీర్ యూసుఫ్ అలీ ఖాన్, అనగా మూడవ సాలార్ జంగ్.

కొన్నేళ్ళ క్రిందట మా బడి పిల్లల్ని హైదరాబాదు తీసుకుపోయినాము. హిందూపురంలో రైలెక్కి, పెనుకొండ, ధర్మవరం, అనంతపురం, కర్నూలు దాటుకుని తెల్లవారేసరికి కాచిగూడలో దిగినాము. చార్మినారు చూసి, మక్కా మసీదు చూసి, మూసీ ఒడ్డున ఉన్న సాలార్ జంగ్ మ్యూజియం చేరేసరికి పదకొండున్నర దాటింది. లోపల ఒకచోట జనం గుంపుగా కూర్చుని ఒక గడియారం వంక చూస్తున్నారు. సినిమా మొదలయ్యే ముందు తెర వంక చూసినట్టు చూస్తున్నారు. మా పిల్లలూ వాళ్ళ మధ్య కూర్చున్నారు.

పన్నెండుకు మూడు నిమిషాలుందనగా చిన్న తలుపు తెరుచుకుని గడ్డపు మనిషి బొమ్మ ఒకటి బయటికొచ్చింది. సరిగ్గా వేళకు గంటను పన్నెండుసార్లు కొట్టి మళ్ళీ లోపలికి పోయింది. అదే గడియారంలో మరో బొమ్మ, కమ్మరివాడు, సుత్తి పట్టుకుని సెకను సెకనుకూ కొడుతూనే ఉన్నాడు. మూడు వందల యాభైకి పైగా భాగాలున్న ఆ గడియారం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ వారిది. మా పిల్లలు చప్పట్లు కొట్టారు. ఒక పిల్లవాడు మాత్రం దీనికి కీ ఎవరిస్తారు సార్ అని అడిగాడు. ఆ ప్రశ్న నన్ను ఊరికి వచ్చినాక కూడా వదల్లేదు. ఈ వ్యాసం దానికి జవాబే అనుకోండి.

సాలార్ జంగ్ అనేది పేరు కాదు, బిరుదు. ఆ ఖాన్‌దాన్ హైదరాబాదు రాజ్యానికి ఎందరో దివాన్లనిచ్చింది. మొదటి సాలార్ జంగ్ మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853లో దివానై, 1883లో కన్నుమూసేవరకు ముప్ఫై ఏళ్ళు ఆ పదవిలో ఉన్నారు. అప్పులలో మునిగిన రాజ్యానికి జమా ఖర్చులు సరిచేసిన మొనగాడు ఆయన. 1876లో యూరపు వెళ్ళినప్పుడు రోములో కొన్న చలువరాతి బొమ్మ ముసుగు రెబెక్కా నేటికీ ఆ మ్యూజియంలో ఉంది. రాతిలోనే పలుచని ముసుగు చెక్కిన ఆ పనితనం చూసినవారు మరచిపోరు. వారి కుమారుడు రెండవ సాలార్ జంగ్ మీర్ లాయిఖ్ అలీ ఖాన్ 1884 నుంచి 1887 వరకు దివానుగా ఉన్నారు.

ఆ రెండవ సాలార్ జంగ్‌కు 1889 జూన్ 13వ తేదీన పూనాలో ఒక కొడుకు పుట్టాడు. జూలై 7వ తేదీన తండ్రి చనిపోయాడు. అంటే పిల్లవాడికి నెల కూడా నిండలేదు. తండ్రి ముఖం ఎరుగని ఆ బిడ్డే మన కథానాయకుడు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆ పసివాడి జాగీర్లను తన సంరక్షణలో ఉంచారు. యతీముల ఆస్తి ఎట్లా హరించుకుపోతుందో మన ఊళ్ళలో చూస్తూనే ఉంటాము. ఈ బిడ్డకు మాత్రం అది మిగిలింది. నిజాం కాలేజీలో చదువుకున్నాడు. పెద్దవాడయ్యాక తాతగారి బిరుదూ దక్కింది.

1912లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ యువకుణ్ణి తన ప్రధానమంత్రిగా నియమించారు. అప్పటికి ఆయన వయస్సు ఇరవై మూడేళ్ళు. మన పిల్లలు ఆ వయస్సుకు బి.ఇడి. సీటు కోసం తిరుగుతుంటారు. అయితే ఆ పదవి ఎక్కువ కాలం నిలవలేదు. నిజాం ప్రభువుకూ ఆయనకూ పొసగలేదు. 1914 నవంబరులో పదవి నుంచి తప్పుకున్నారు. తరువాత నిజాం కొంతకాలం పాలనను తన చేతిలోనే ఉంచుకున్నారు.

ఇరవై అయిదేళ్ళకే పదవి పోయింది. చేతిలో జాగీర్లున్నాయి, డబ్బుంది. పెండ్లి లేదు, కడదాకా చేసుకోనూ లేదు. అట్లాంటి మనిషి చెడిపోవడానికి హైదరాబాదు వంటి నగరంలో దారులు కొల్లలు. నవాబు సాహెబు ఆ దారులు పట్టలేదు. అందమైన వస్తువులను, అరుదైన కితాబులను పోగుచేయడమే వారి షోకు అయింది. తరువాతి ముప్ఫై అయిదేళ్ళ జీవితం దానికే ఇచ్చేశారు.

పాతబస్తీలోని వారి భవనం పేరు దివాన్ దేవుడీ. ఏదైనా అపురూపమైన వస్తువు అమ్మకానికి వచ్చిందంటే అది ముందు దివాన్ దేవుడీ గడప చేరేదట. విదేశాలలో కూడా వారి తరపున కొనే మనుషులుండేవారు. పచ్చరాతి పిడిబాకులు, చైనా పింగాణీ, పర్షియా తివాచీలు, బీదరు పనితనపు సామాన్లు, దంతపు కుర్చీలు, ఖురాను ప్రతులు వచ్చిపడ్డాయి. ఆ మ్యూజియంలో నేడు నలభై వేలకు పైగా వస్తువులు, వేల సంఖ్యలో చేతివ్రాత గ్రంథాలు, దాదాపు అరవై వేల అచ్చు పుస్తకాలు ఉన్నాయి. ఒక్క మనిషి జీవితంలో, తాత తండ్రులు విడిచిన దానికి తోడుగా, ఇంత పోగుపడిందంటే నమ్మశక్యం కాదు.

అన్నింటిలోకి నాకు ఇష్టమైనవి గడియారాలు. ఎండ నీడతో వేళ తెలిపే స్తంభాకారపు ఎండ గడియారాలు మొదలుకొని ఇరవయ్యో శతాబ్దపు పెద్ద యంత్రాల వరకు అక్కడున్నాయి. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లాండు, జర్మనీ, హాలండు దేశాలవి. మనిషంత ఎత్తు నిలువు గడియారాలు ఒకవైపు, భూతద్దం లేనిదే పనితనం కనబడని బుల్లి గడియారాలు ఒకవైపు. పంజరంలో పిట్ట ఉండేవి, లోపలి చక్రాలన్నీ బయటికే కనబడేవి కూడా ఉన్నాయి.

ఇవన్నీ వట్టి షోకు సామాన్లని కొట్టివేయరాదు. గడియారం పుట్టిందే ఆకాశం నుంచి. సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలే మొదటి గడియారాలు. నిలబెట్టిన కర్ర నీడ చూసి జొహర్, అసర్ వేళలు తెలుసుకున్న మన పెద్దలకు ఇది కొత్త కాదు. 1206లో ఇప్పటి తుర్కీ దేశపు దియార్‌బకిర్ ప్రాంతంలో అల్-జజరీ అనే ఉస్తాదు యంత్రాల మీద గొప్ప గ్రంథం పూర్తిచేశాడు. అందులో నీటితో నడిచే కోట గడియారం ఉంది. పన్నెండు రాశులు, సూర్యుడు, చంద్రుడు అందులో తిరుగుతాయి. వేళకొక తలుపు తెరుచుకుంటుంది, బొమ్మలు వాయిద్యాలు వాయిస్తాయి. దమాస్కసు ఉమయ్యద్ మసీదులో నమాజు వేళలు గణించే ఉద్యోగి ఇబ్న్ అల్-షాతిర్ పద్నాలుగవ శతాబ్దపు పెద్ద ఖగోళ పండితుడు. ఆ మసీదు మినారుకు గొప్ప ఎండ గడియారం చేసినవాడు ఆయనే. పదహారవ శతాబ్దంలో తఖీ అల్-దీన్ పళ్ళ చక్రాల గడియారాల మీద పుస్తకం వ్రాసి, ఇస్తాంబులులో నక్షత్రాల గమనం కొలవడానికి వాటిని వాడాడు. ఇంత చరిత్ర తెలిసినాక చూస్తే, తలుపు తెరుచుకుని వచ్చే ఆ గడ్డపు బొమ్మ అల్-జజరీ బొమ్మలకు మునిమనుమడిలాగే కనబడుతుంది.

విద్యార్థుల కోసం ఒక లెక్క చెబుతాను. ఖరీదైన పాత గడియారాలలో కొన్నింటికి డయల్ మీద చిన్న కిటికీ, అందులో నీలిరంగు ఆకాశం, బంగారు చంద్రుడు ఉంటాయి. చంద్రుడు పెరుగుతూ, తరుగుతూ కనబడతాడు. లోపల ఉన్నది ఒక పళ్ళెం, దానికి 59 పళ్ళు. పళ్ళెం మీద ఇద్దరు చంద్రులు. రోజుకు ఒక పన్ను జరుగుతుంది. 59 రోజులకు రెండు నెలలు, అనగా నెలకు ఇరవై తొమ్మిదిన్నర రోజులు. కాని ఒక అమావాస్య నుంచి మరో అమావాస్యకు సగటున 29 రోజుల 12 గంటల 44 నిమిషాలు పడుతుంది. ఆ 44 నిమిషాలు గడియారం లెక్కలోకి రాలేదు. నెలనెలా కూడుకుంటూ పోతే దాదాపు రెండేళ్ళ ఎనిమిది నెలలకు ఒక రోజు తేడా వస్తుంది. అప్పుడు మనిషి చేత్తో సరిచేయాలి. నెలకు ముప్ఫయ్యా, ముప్ఫై ఒకటా, ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదా, ఇరవై తొమ్మిదా అన్నది తమంతట తామే తెలుసుకునే గడియారాలు కూడా ఉన్నాయి. వాటిలో ఒక చక్రం నాలుగేళ్ళకు ఒక్కసారి తిరుగుతుంది. అవి కూడా 2100లో తప్పుతాయి, ఎందుకంటే ఆ ఏడు నాలుగుతో భాగింపబడినా లీపు సంవత్సరం కాదు. ఎంత లక్షల గడియారానికైనా మనిషి చెయ్యి కావలసిందే.

ఇక పైపని. డయల్ మీద మీనా పూత, సన్నని చెక్కడం, వెంట్రుక కుంచెతో వేసిన చుక్కలు. వీటి కోసం నెలల తరబడి కళ్ళు పోగొట్టుకున్న పనివాళ్ళ పేర్లు చాలావాటి మీద ఉండవు, కంపెనీ పేరే ఉంటుంది. ధర్మవరం పట్టుచీర అంచు చూసినప్పుడల్లా నాకు ఇదే అనిపిస్తుంది. కట్టినవారికి మర్యాద, అమ్మినవారికి లాభం. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాని పేరు చీర మీద ఎక్కడా ఉండదు. నవాబు సాహెబు ఆ పేరులేని పనివాళ్ళ చేతిపనిని గుర్తుపట్టి దాచారు. వారి గొప్పతనం నా దృష్టిలో డబ్బు కాదు, ఆ కన్ను.

కాలం నవాబులనూ వదలదు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో కలిసిపోయింది. ఆరు నెలలు కూడా గడవకముందే, 1949 మార్చి 2వ తేదీన మూడవ సాలార్ జంగ్ కన్నుమూశారు. అరవయ్యేళ్ళు నిండలేదు. భార్య లేదు, బిడ్డలు లేరు. దివాన్ దేవుడీ నిండా వేల వస్తువులు, గదుల నిండా గడియారాలు. వాటికి కీ ఇచ్చే యజమాని లేడు.

ఫ్రాన్సు రాణి మేరీ ఆంత్వానెత్ కోసం పారిస్‌లోని బ్రెగే అనే ఉస్తాదు వద్ద 1783లో ఒక జేబు గడియారానికి ఆర్డరు ఇచ్చారు. తేదీలు తానే దిద్దుకునే పనితనం, సూర్యుని వేళకూ గడియారపు వేళకూ ఉన్న తేడా చూపే ముల్లు, ఇట్లా అప్పటికి తెలిసిన విద్యలన్నీ అందులో పెట్టాలని షరతు. 1793లో విప్లవకారులు రాణి తల నరికారు. 1823లో బ్రెగే చనిపోయాడు. గడియారం 1827లో పూర్తయింది. వస్తువు తయారయ్యేసరికి కోరిన రాణీ లేదు, మొదలుపెట్టిన మేస్త్రీ లేడు. చివరికి అది జెరూసలేములోని ఇస్లామీ కళల మ్యూజియం చేరింది. 1983లో దొంగలెత్తుకుపోతే, 2007 ప్రాంతంలో మళ్ళీ దొరికింది.

సాలార్ జంగ్ వస్తువులకూ ఆ ప్రమాదం తప్పలేదు. పిల్లలు లేని మనిషి, నమ్మకమంతా నౌకర్ల మీద. వారు బ్రతికుండగానే కొన్ని వస్తువులు చేతులు మారాయనీ, తరువాత సామాన్లు కొత్త చోటికి తరలించేటప్పుడు మరికొన్ని పోయాయనీ, ఇప్పుడు మనం చూసేది అసలు సొత్తులో సగమేననీ చెప్పుకుంటారు. మిగిలిన సగం మిగలడమే అదృష్టం. వారసులు పంచుకుని వేలం వేసి ఉంటే ఒక గడియారం లండనులో, ఒకటి బొంబాయిలో, ఒకటి ఏ సేటు ఇంటిలోనో ఉండేది.

అట్లా జరగలేదు. ఎస్టేటును చూసుకోవడానికి ప్రభుత్వం ఒక కమిటీని వేసింది. అప్పటి పాలనాధికారి వెల్లోడి గారి చొరవతో కళా విమర్శకుడు జేమ్స్ కజిన్స్ వస్తువులను గదుల వారీగా అమర్చారు. 1951 డిసెంబరు 16వ తేదీన దివాన్ దేవుడీలోనే మ్యూజియాన్ని పండిట్ జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1958లో బంధువులు రాజీకి వచ్చి, హైకోర్టు డిక్రీ ద్వారా ఆ సొత్తునంతా భారత ప్రభుత్వానికి అప్పగించారు. ఇది మనం గుర్తుపెట్టుకోదగిన సంగతి. ఎవరికి వారు నా వాటా నాకన్నవారే చివరికి అందరి వాటాగా విడిచిపెట్టారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున దారుల్‌షిఫాలో కట్టిన భవనానికి మార్చారు. అప్పటి రాష్ట్రపతి డాక్టర్ జాకిర్ హుసేన్ గారే దానిని ప్రారంభించారు.

అప్పటి నుంచి ఒక నవాబు కోసం కొట్టిన గంట అందరి కోసం కొడుతున్నది. హిందూపురం ఉర్దూ బడి పిల్లవాడు టిక్కెట్టు కొని దాని ముందు కూర్చోవచ్చు. కీ ఎవరిస్తారని మా పిల్లవాడు అడిగిన దానికి జవాబు ఇదే. ఇప్పుడు కీ ఇచ్చేది జీతం తీసుకుని, రిజిస్టరులో సంతకం పెట్టి, వేళ తప్పక పనిచేసే ఉద్యోగి. నవాబు పోయినా గడియారం ఆగకపోవడానికి కారణం ఆ ఉద్యోగీ, ఆ రిజిస్టరూ.

ఇక మన సంగతి. నేను చిన్నప్పుడు నమాజుకు పోయే ఒక మసీదులో పాత లోలకపు గడియారం ఉండేది. నల్లచెక్క పెట్టె, తెల్లని డయల్, ఎవరో పుణ్యాత్ముడు ఇచ్చినదట. శుక్రవారం శుక్రవారం ఒక ముసలాయన బల్ల వేసుకుని ఎక్కి కీ ఇచ్చేవాడు. గంట కొడితే వీధి చివరి దాకా వినబడేది. తరువాత మసీదును పెంచి కట్టారు. గోడకు బ్యాటరీ గడియారం వచ్చింది, పక్కన నమాజు వేళలు చూపే బోర్డు వచ్చింది. అవి మంచివే. కాని పాత గడియారం ఏమైందని అడిగితే ఎవరికీ తెలియదు. గోదాములో పెట్టామని ఒకరు, పాత సామాన్లవాడికి వేశామని ఒకరు. ఎవరినీ దొంగ అనలేము, ఎందుకంటే అది ఉన్నట్టు ఏ పుస్తకంలోనూ వ్రాసి లేదు. ఆ సంగతి తెలిసీ అప్పుడు అడగకుండా ఊరుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తప్పు నా మీదా ఉంది.

గడియారాలు బాగుచేసే చేతులూ అట్లే పోతున్నాయి. కంట్లో భూతద్దం ఇరికించుకుని, హెయిర్ స్ప్రింగును చిమటాతో పట్టుకునే ఉస్తాదులు ఒకప్పుడు మన బజార్లలో ఉండేవారు. బెంగుళూరు ఇక్కడికి నూరు కిలోమీటర్ల దూరమే. 1961లో అక్కడ హెచ్.ఎం.టి. వారి చేతి గడియారాల తయారీ మొదలైనాక, పెండ్లికొడుక్కు ఆ గడియారం పెట్టని ఇల్లుండేది కాదు. 2016లో ఆ గడియారాల విభాగం మూతబడింది. మా నాయన పెండ్లి నాటి గడియారం నా దగ్గరుంది, కీ ఇస్తే నేటికీ నడుస్తుంది. చెడితే బాగుచేసేవాడు మాత్రం దొరకడం కష్టం. అదే సమయంలో స్విట్జర్లాండులో చంద్రుణ్ణీ నక్షత్రాలనూ చూపే గడియారాలను చేత్తో చేసి, లక్షలకు, కోట్లకు అమ్ముతున్నారు. అక్కడ చేతిపనికి విలువ పెరిగితే ఇక్కడ ఎందుకు తగ్గిందో ఆలోచించాలి.

పిల్లలు లేని ఆ నవాబు పేరును డెబ్బై అయిదేళ్ళు దాటినా మనం తలుచుకుంటున్నాము. జాగీర్లు పోయాయి, దివాన్ దేవుడీ కూడా మునుపటిలా లేదు. అందరి పరం చేసిన సొత్తు మాత్రమే నిలిచింది. అది కూడా లెక్క వ్రాసినంత మేరకే నిలిచింది. కావున సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. హిందూపురం, పెనుకొండ, ధర్మవరాలలో మన మసీదులలో, దర్గాలలో, మదరసాలలో ఉన్న పాత గడియారాలు, చేతివ్రాత కితాబులు, సనదులు, దీపపు సెమ్మెలు ఏమేమున్నాయో ఈ ఏడాదే ఒక రిజిస్టరులో వ్రాయించండి. దానికి పెద్ద ఖర్చు లేదు, ఒక నోటు పుస్తకం, నలుగురు కుర్రవాళ్ళు చాలు. మా బడి పిల్లల్ని ఆదివారాలు నేను తీసుకువస్తాను. మొదటి పేజీలో, ఇప్పుడు లేని ఆ నల్లచెక్క గడియారం గురించి నాకు గుర్తున్నంత నేనే వ్రాస్తాను.